ఇరుగుపొరుగుతో పేచీ లేకుండా పని జరిపించుకోవడం ఎలా?

వైజాగ్‌లో ఇరుగుపొరుగు తగాదా ఏదైనా తీసుకోండి, చప్పుడు కన్నా ఆ చప్పుడు చేసిన వేళే గొడవకి అసలు కారణమై ఉంటుంది. ఈ ఊళ్లో అందరికీ ఒకేసారి తెల్లవారదు. స్టీల్ ప్లాంట్‌లో సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి వచ్చినాయన పొద్దున్న ఎనిమిదింటికి దుప్పటి కప్పుకుంటాడు. పోర్టులో, రిఫైనరీలో, పరవాడ ఫార్మా కంపెనీల్లో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, కేజీహెచ్ పెద్దాసుపత్రి నర్సులు, అమెరికా టైముకి పనిచేసే మధురవాడ సాఫ్ట్‌వేర్ పిల్లలు, వీళ్లందరికీ పగలే నిద్ర. అదే అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్‌లో రిటైరైన మాస్టారు నాలుగున్నరకే లేచి సుప్రభాతం పెడతారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఒకరి వేళ ఇంకొకరికి తెలియదు, అంతే.

అందుకే కింద చెప్పే పద్ధతి చాలావరకు ఆ వేళ చుట్టూనే తిరుగుతుంది. అద్దెకున్నా, సొంత ఫ్లాటైనా, కంచరపాలెం లాంటి పాత పేటల్లో గోడకి గోడ ఆనుకున్న ఇల్లైనా పనికొస్తుంది.

మొదటి పని: నాలుగిళ్ల వేళలు తెలుసుకోండి

పైన, కింద, అటు, ఇటు. ఆ నాలుగిళ్లు చాలు. ఎవరికి నైట్ డ్యూటీ, ఎవరింట్లో పసిబిడ్డ, ఎవరి పిల్లకి ఇంటర్ పరీక్షలు, ఎవరింట్లో పెద్దవాళ్లు మంచం మీదున్నారు, ఇవి తెలిస్తే సగం టెన్షన్ ముందే పోతుంది. పనిగట్టుకుని అడగక్కర్లేదు. లిఫ్ట్‌లో, చెత్త బండి దగ్గర మాటల్లో వచ్చేస్తాయి. కొత్తగా దిగినవాళ్లకి పాలు పొంగించిన రోజే మంచి అదును. "మాది మూడో ఫ్లోరండి, ఈయనకి వారం మార్చి వారం నైట్ డ్యూటీ" అని మీ వేళ మీరు చెప్పేస్తే, వాళ్ల వేళ అడక్కుండానే చెప్తారు.

ఈ ఊళ్లో నేవీ కుటుంబాలు, ఒడియా వాళ్లు, బెంగాలీ వాళ్లు చాలామందే ఉంటారు. భాష రాదని వాళ్లని ఈ లెక్కలోంచి తీసేయకండి, వచ్చీరాని హిందీ సరిపోతుంది. లిఫ్ట్ పక్కన తెలుగులో మాత్రమే నోటీసు అంటించి, ఆ తర్వాత "వాళ్లు రూల్స్ పాటించరండీ" అనే సెక్రటరీలు ఉన్నారు. చదవలేని నోటీసుని ఎవరు మాత్రం ఎలా పాటిస్తారు?

రెండో పని: ముందు మన ఇంట్లోంచి ఏం బయటికి వెళుతోందో చూసుకోండి

ఇది మంచితనం కోసం చెప్పే మాట కాదు. మీరు పైవాళ్ల గురించి నోరు తెరవగానే, కిందవాళ్లు మీ గురించి ఇన్నాళ్లూ దాచుకున్నదంతా బయటికి వస్తుంది. అందుకని ముందే సర్దుకోవడం మేలు.

ఒక ఆదివారం పూట కింది ఫ్లాట్ తలుపు తట్టి, "వదినగారూ, మా ఇంటి చప్పుడు మీకెంత వినబడుతోందో ఒక్కసారి మీ హాల్లో నిలబడి వింటాను" అని అడగండి. వెళ్లే ముందు మీ ఇంట్లో ఎవరో ఒకరిని డైనింగ్ కుర్చీ లాగమని, మడమలు ఆనించి నాలుగడుగులు నడవమని, మిక్సీ వేయమని చెప్పి వెళ్లండి. మీ హాల్లో చెవికి ఆనని కుర్చీ చప్పుడు అక్కడ నడినెత్తి మీద గర్రుమంటుంది. టీవీ మోత గాలిలో వస్తుంది కాబట్టి తలుపు వేస్తే తగ్గుతుంది. కుర్చీ, రోలు, వాషింగ్ మెషీన్ చప్పుడు స్లాబులోంచి దిగుతుంది. దానికి తలుపు, కిటికీ అడ్డం రావు.

దీనికి ఖర్చు పెద్దగా లేదు. కుర్చీ, టేబుల్ కాళ్లకి రబ్బరు బుష్‌లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. సైజు తెలియకపోతే కాలి చుట్టూ దారం చుట్టి ఆ కొలత పట్టుకెళ్లండి. అంటించే రకం కొనకండి, తడిగుడ్డ నాలుగుసార్లు తగిలేసరికి జిగురు వదిలేస్తుంది. తొడిగే రకమే నయం. మిక్సీ కింద రబ్బరు మ్యాట్ ముక్క వేయండి. చాలామంది మడతపెట్టిన టవల్ వేస్తారు గానీ, మోటారుకి కింద నుంచి గాలి ఆడక వేడెక్కిపోతుంది. వాషింగ్ మెషీన్ స్పిన్‌లో గెంతుతుంటే దాని నాలుగు కాళ్లూ నేలకి సమంగా ఆనలేదన్నమాట. కాళ్లకుండే స్క్రూలు తిప్పి సమం చేయండి. ఒక్క బరువైన దుప్పటే వేసినా గెంతుతుంది, దానికి తోడు ఇంకేవైనా బట్టలు వేయాలి.

తర్వాత నీళ్లు. సముద్రం పక్కనున్న ఊరు, గాలిలో తేమ ఎక్కువ, అందుకే ఏసీ వదిలే నీళ్లూ ఎక్కువే. ఆ పైపుని గోడ బయటికి వదిలేస్తే రాత్రంతా కిందవాళ్ల రేకు మీద టప్పు టప్పుమని పడుతుంది. పగలు దాన్ని ఎవరూ పట్టించుకోరు, రాత్రి రెండింటికి అదొక్కటే వినబడుతుంది. పైపుని మీ బాల్కనీ తూములోకో బక్కెట్లోకో మళ్లించండి. నేల తుడవడానికి ఆ నీళ్లు బంగారంలా పనికొస్తాయి. బాల్కనీని పైపు పెట్టి కడిగే అలవాటుంటే, ముందు తొంగిచూసి కింద తీగ మీద బట్టలు లేవని తేల్చుకోండి. పూలకుండీల కింద పళ్లేలు పెట్టండి. మోటారు వేసి మర్చిపోయేవాళ్లకి మాత్రం ట్యాంకు నిండగానే ఆగిపోయే ఆటోమేటిక్ స్విచ్ తప్ప వేరే మందు లేదు. వేసవిలో ట్యాంకర్ కొనుక్కునే అపార్ట్‌మెంట్లో నీళ్లు పొర్లి మెట్ల మీదుగా పోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

ఇక చేపలు. ఆదివారం హార్బర్ నుంచో రైతుబజార్ నుంచో తెచ్చి శుభ్రం చేసుకున్నాక రొయ్యల పొట్టు, చేప పొలుసు మర్నాడు చెత్త బండి వచ్చేదాకా గుమ్మం దగ్గర డబ్బాలో మగ్గుతాయి. ఎండాకాలం అయితే సాయంత్రానికే ఫ్లోర్ అంతా కంపు. గట్టి కవర్లో మూటకట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, పొద్దున్న బండి హారన్ వినబడ్డాక తీసి తడి చెత్తలో వేయండి. ఫ్రీజర్‌లో చెత్తేమిటని ఇంట్లో మొదట గొణుగుతారు, తర్వాత వాళ్లే అలవాటు పడతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి, ఆ రెండు నెలలూ ఈ తంటా కాస్త తగ్గుతుంది.

వ్యర్థాల కంపు వేరు, వంట వాసన వేరు. చేపల పులుసు వాసన వచ్చిందని పక్కింటి తలుపు తట్టడం నా దృష్టిలో తప్పు. ఎవరి వంట వాళ్లిష్టం. అద్దెకిచ్చేటప్పుడు కూర గిన్నెలోకి తొంగిచూసే అసోసియేషన్లకీ ఇదే మాట.

మూడో పని: గేటు బయటి సంగతులు

పార్కింగ్ గురించి అందరికీ తెలిసిందే మళ్లీ చెప్పను. ఇంకొకరి గేటుకి అడ్డంగా రెండు నిమిషాలే కదా అని ఆపినా, అద్దం మీద ఫోన్ నంబర్ కనబడేలా పెట్టి వెళ్లండి. మన దగ్గర మాత్రమే ఎక్కువగా కనిపించేది ఒకటుంది. ఆరిలోవ, మాధవధార వైపు కొండవాలు వీధుల్లో కారు జారకుండా వెనక టైరు కింద రాయి పెడతారు. పొద్దున్న కారు వెళ్లిపోతుంది, రాయి అక్కడే ఉంటుంది. చీకట్లో స్కూటీ మీద వచ్చే అమ్మాయికి ఆ రాయి కనబడదు. రాయికి తాడు కట్టి, తాడు కొసని డోర్ హ్యాండిల్‌కి తగిలించండి. డోర్ తీయబోతే తాడు చేతికి తగులుతుంది, రాయి గుర్తొస్తుంది.

గేటు తీయమని వాచ్‌మన్ కోసం హారన్ కొట్టకండి, ఫోన్ చేయండి. రాత్రిపూట ఇళ్ల మధ్య అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదని శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది.

ఇంట్లో ఫంక్షన్‌కి వీధిలో షామియానా వేస్తున్నారనుకోండి. పోలీసుల అనుమతి తీసుకోవడం ఒక పని, వీధివాళ్లకి చెప్పడం ఇంకో పని. రెండోది ఎవరూ చేయరు. రెండ్రోజుల ముందు ఇంటింటికీ వెళ్లి, "ఫలానా రోజు మధ్యాహ్నం నుంచి రాత్రి పదిదాకా దారి ఉండదండి, కారు బయటికి తీయాల్సి ఉంటే ముందే తీసి పెట్టుకోండి" అని చెప్పండి. వాళ్లనీ భోజనానికి పిలిస్తే మరీ మంచిది. ఒక పక్కన బండి పట్టేంత దారి వదలండి. వీధి మొదట్లోనే దారి లేదని బోర్డు పెట్టించండి, కారు లోపలిదాకా వచ్చి రివర్స్‌లో పోవడం నరకం. జనరేటర్ పొగ గొట్టం ఎవరి కిటికీ వైపు తిరిగుందో కూడా చూడండి.

ఏటా ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరిప్రదక్షిణకి లక్షలాది జనం 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారిలో ఇల్లున్నవాళ్లు నీళ్లు, మజ్జిగ ఇస్తారు, చాలా గొప్ప సంగతి. ఇచ్చే బల్ల దగ్గరే కాకుండా, అక్కడికి ఇరవై అడుగులు ముందుకి కూడా ఒక పెద్ద చెత్త డబ్బా పెట్టండి. నడిచేవాడు నిలబడి తాగడు, తాగుతూ పోతాడు, గ్లాసు పడేసేది అక్కడే.

నాలుగో పని: ఎదుటివాళ్లకి చెప్పడం

అందరూ తడబడేది ఇక్కడే. నెలల తరబడి పళ్లు బిగబట్టి ఓర్చుకుని, ఒకరోజు రాత్రి పదకొండింటికి ఒక్కసారిగా పేలిపోతారు. అందుకే మొదటి వారంలోనే, కోపం రాకముందే చెప్పేయాలి. చప్పుడు జరుగుతుండగా వెళ్లకండి, మర్నాడు వెళ్లండి. పొద్దున్న ఆఫీసు హడావిడిలో కాకుండా, సాయంత్రం టీ వేళ అయితే మంచిది. ఒక్కరే వెళ్లండి. ముగ్గురు కలిసి వెళితే పంచాయతీలా ఉంటుంది. ఒక్క విషయమే ఎత్తండి, చెప్పుల స్టాండు సంగతి ఇంకోసారి.

పై ఫ్లాట్‌లో ఇల్లు బాగుచేయిస్తున్నారు, డ్రిల్లింగ్ మోత. ఇలా అడగొచ్చు:

"అన్నయ్యగారూ, పని ఎంతవరకు వచ్చిందండీ?"

"ఎక్కడమ్మా, మేస్త్రి ఇవాళ వస్తే రేపు రాడు."

"మావారికి ఈ వారం నైట్ డ్యూటీ అండి. పొద్దున్న ఎనిమిదికి వచ్చి రెండింటిదాకా పడుకుంటారు. ఆ డ్రిల్లింగ్ ఒక్కటీ రెండు తర్వాత పెట్టుకోమంటారా? మిగతా పని ఎప్పుడు చేసుకున్నా మాకేం ఇబ్బంది లేదు."

"అయ్యో, మాకు తెలీదు. కానీ వాడు ఐదుకే దిగిపోతాడు, మూడు గంటల్లో ఏం చేస్తాడు?"

"శనివారం దాకేనండి. ఆదివారం నుంచి ఆయనకి డ్యూటీ మారిపోతుంది, ఇక మీ ఇష్టం."

ఆవిడ పని ఆపమనలేదు. ఒక్క మిషన్, కొన్ని గంటలు, ఎప్పటిదాకానో ఒక తేదీ, అంతే అడిగింది. "కాస్త చప్పుడు తగ్గించండి" అంటే ఎంత తగ్గించాలో ఎదుటివాళ్లకి తెలియదు, రెండ్రోజులు తగ్గించి మూడోరోజు మర్చిపోతారు. "తొమ్మిదిన్నర తర్వాత బంతి ఆట వద్దు నాన్నా" అంటే పిల్లాడికైనా అర్థమవుతుంది.

వాళ్లు మాట వింటే, వారం తర్వాత ఎదురైనప్పుడు "ఈయన హాయిగా పడుకున్నారండీ" అని ఒక ముక్క చెప్పండి. మీ మాట వల్ల ఏం మారిందో వాళ్లకి తెలిసేది అప్పుడే.

వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. "కొంతమంది కనీస మర్యాద లేకుండా..." అని పేరు లేకుండా రాసినా ఎవరి గురించో రెండు నిమిషాల్లో అందరికీ తెలిసిపోతుంది. దాని కింద ఎనిమిది చేతులు జోడించిన బొమ్మలు, ఒక గుడ్ మార్నింగ్ ఫార్వర్డ్ వచ్చి చేరతాయి. పరువు పోయిన మనిషి ఇక కుర్చీకి బుష్ తొడగడు, కావాలని గట్టిగా లాగుతాడు. కారు ఫోటో తీసి నంబర్ కనబడేలా పెట్టడం కూడా ఇలాంటిదే.

కొన్ని అసలు ఎత్తకూడనివి. పసిబిడ్డ ఏడుపు, జబ్బు మనిషి దగ్గు, చావు జరిగిన ఇంటి దగ్గరి జనం. సాయంత్రం సెల్లార్‌లో పిల్లల క్రికెట్ కూడా నేను ఈ లెక్కలోనే వేస్తాను. ఊళ్లో ఖాళీ స్థలాలన్నీ మనమే కట్టేసి, వాళ్లని బీచ్‌కి పోయి ఆడుకోమంటే ఎలా? అద్దం పగిలితే అద్దం డబ్బులు అడగండి, ఆట ఆపకండి.

ఐదో పని: మీ తలుపు తట్టినప్పుడు

ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. ఎదుటివాళ్లు గుమ్మంలో నిలబడి చెబుతుంటే "మరి మీ కుక్క సంగతేంటి?" అని ఎదురు లెక్క తీయాలనిపిస్తుంది. ఆ రోజుకి వద్దు. "అలాగాండీ, ఏ టైములో ఎక్కువగా ఉంటోంది?" అని అడగండి. టైము చెబితే కారణం దొరుకుతుంది. తెల్లవారుజామున ఐదింటికి ధనధన అంటే బహుశా నీళ్ల మోటారు. మోటారు పడుకునే గది గోడకి ఆనుకుని ఉంటే, కింద రబ్బరు దిమ్మలు వేసి రెండంగుళాలు ఇవతలికి జరిపితే చాలావరకు తగ్గుతుంది. మీ వల్ల కాదనుకుంటే అదే చెప్పేయండి. సరేనని ఊరుకుని ఏమీ చేయకపోవడం అన్నిటికన్నా చెడ్డది.

ఆరో పని: మాటతో పని కాకపోతే

మర్యాదగా రెండుసార్లు చెప్పినా కదలిక లేకపోతే అసోసియేషన్‌కి కాగితం మీద రాసివ్వండి. తేదీలు, వేళలు, మీరు ఎప్పుడు వెళ్లి అడిగారో రాయండి, ఎదుటివాళ్ల స్వభావం గురించి ఒక్క ముక్క రాయకండి. అద్దెకున్నవాళ్ల మీద గట్టిగా లేచే అసోసియేషన్ ఓనర్ల దగ్గర నసుగుతుంది, అది తెలిసిన సంగతే. ఆ నసుగుడుకి మందు, ఇంకో ఇద్దరు కూడా సంతకం పెట్టడం.

వీధి కుక్కలకి అన్నం పెట్టే గొడవ ఇప్పుడు ప్రతి కాలనీలో ఉంది. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం అన్నం పెట్టే చోటుని కాలనీ సంఘమే చూపించాలి. మెట్లు, గేట్లు, పిల్లలు ఆడుకునే జాగాలకి దూరంగా, పిల్లలు, పెద్దవాళ్లు తక్కువగా తిరిగే వేళల్లో పెట్టాలి. పెట్టేవాళ్లు ఆ జాగాని శుభ్రంగా ఉంచాలి. అంటే అసలు పెట్టొద్దనడానికీ లేదు, లిఫ్ట్ ఎదురుగా పెడతాననడానికీ లేదు.

మైకుల సంగతికి చట్టం స్పష్టంగా ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాల పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళలో ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదు, ఇళ్ల మధ్య మోతచేసే నిర్మాణ యంత్రాలూ నడపకూడదు. పండుగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, ఏడాది మొత్తానికి 15 రోజులు మించకూడదు. గుడి, చర్చి, మసీదు, పెళ్లి మండపం అన్నిటికీ ఒకటే నియమం. ఫోన్‌లో డెసిబెల్ యాప్ చూపిస్తే ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు, మీ అంచనాకి మాత్రం పనికొస్తుంది.

అయినా వినాయక చవితి పందిరి దగ్గరికి రాత్రి వెళ్లి కుర్రాళ్లకి చట్టం చదివి వినిపిస్తే పని జరగదు. పందిరి కట్టే రోజే పగలు వెళ్లి చందా ఇచ్చి, "బాబూ, ఆ బాక్సుల్ని ఇళ్ల వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పండమ్మా, మా ఇంట్లో పెద్దావిడకి గుండె జబ్బు" అని చెప్పండి. చందా పుస్తకంలో పేరున్నవాళ్ల మాట ఎక్కువ చెల్లుతుంది.

అప్పటికీ పది దాటాక మోత ఆగకపోతే 112కి ఫోన్ చేయండి. కోపం చెప్పకండి, చిరునామా చెప్పండి: ఏ కాలనీ, ఏ సెక్టార్, దగ్గర్లో ఏ గుడి లేదా బడి, ఎన్నింటి నుంచి మోగుతోంది. ఎం.వి.పి. కాలనీ అని ఊరుకుంటే పెట్రోలింగ్ బండి పన్నెండు సెక్టార్లూ తిరగాలి. కాలువ పూడిక, చెత్త, వీధి దీపం లాంటివి పోలీసుల పని కాదు. వాటికి వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, కదలకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి ఆ రసీదు పట్టుకెళ్లండి. గోడలు, నీటి లీకేజీల లాంటి మొండి తగాదాలు కోర్టుదాకా వెళ్లేలా ఉంటే, ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టొచ్చు. ఇద్దరినీ పిలిపించి కూర్చోబెడతారు, లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు. అక్కడికి వెళ్లేటప్పుడు లీకేజీ ఫోటోలు తేదీలతో సహా, ప్లంబర్ రాసిచ్చిన అంచనా కాగితం, అసోసియేషన్‌కి ఇచ్చిన ఉత్తరం నకలు వెంట ఉంచుకోండి.